క్రైస్తవ కీర్తనలలో దీనత్వము

కృతికర్త తన కృతి నెవ్వరి కొసఁగెనో విచారించుట తెలుఁగు విమర్శమున నొక ప్రధానాంశము. నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన నిర్వచనోత్తర రామాయణమును ఆ ప్రభువునకే యంకిత మిచ్చెను. పిమ్మట భారతమునఁ బదియేను పర్వములను హరిహరనాథునకు సమర్పించెను. మంత్రిత్వము, సోమయాజి యను ప్రతిష్ఠ, కవియశము వానికిఁ గలవు. అయినను వానికంటెఁ బెద్ద వస్తువు కంటఁబడిన పిదప వానిని గొనియాడ నాతనికి మనసు పోలేదని నా తలంపు.

ఈ తీరముననే వేఱొక భక్తివాఙ్మయమును వేరూనినది. 1840లో సామ్యూల్ డే యను అమెరికా బాప్టిస్టు బోధకుఁడు నెల్లూరఁ దన నివాస మేర్పఱచుకొనెను. 1872లో సముద్రతీరమందలి రామాయపట్నమున బోధకులకు విద్యాలయము వెలసెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) ఉత్తరదేశమువాఁ డైనను, అతని కీర్తనలు రాగతాళసహితముగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోఁ జేరి తెలుఁగు దేశమంతటను నేఁటికిని బాడఁబడుచున్నవి.

నేను వ్యాకరణ మభ్యసించినవాఁడను. ఇట్టి కీర్తనలఁ దొలుత జదివినపుడు సంధులను, విభక్తులను బరీక్షించుటయే విమర్శ మనుకొంటిని. పుటల యంచులయందు గుర్తు లనేకములు పెట్టితిని. కాని పాడువాఁ డేల పాడుచున్నాఁడో యెఱుఁగనైతిని. ఆ లోపము కీర్తనలది కాదు, నాది.

నన్ను నిలువరించినది ‘దీన’ శబ్దము. మన యాలంకారికులు దైన్యమును ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటిగా లెక్కించి, దౌర్గత్యాదులు దానికి విభావము లనిరి. లేమి కలిగినచో దైన్యము కలుగును. లేమి తీఱినచో నదియుఁ దీఱును. క్రైస్తవగ్రంథము చెప్పు దీనత్వ మట్టిది కాదు. అందు యేసు తాను గురువునని యెఱిఁగియే శిష్యుల పాదములు గడిగెను. దేవుని స్వరూపము గలిగియు దాసుని రూపము దాల్చెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. గ్రీకుభాషయందును దీనత్వవాచకమగు పదము పూర్వము తఱచుగా నీచార్థమునఁ బ్రయుక్తమై, క్రైస్తవుల వ్రాఁతలలో గుణవాచకమైనది. కావున నిచట దీనత్వమునకుఁ గారణము లేమి కాదు. అది దైవమహిమను జూచిన విస్మయమని నా నిర్ణయము.

ఈ నిర్ణయము కీర్తనల తారతమ్యమునకు నికషమగును. ‘నేను నీచుఁడను, నేను పాపిని’ యని చరణము వెంబడిఁ జరణము చెప్పుకొనునెడఁ గర్త యిప్పటికిని ‘నేను’ అను పదమే. తన గొప్ప చెప్పుకొనువాఁడును, తన తక్కువనే చెప్పుకొనువాఁడును దన్నే చూచుకొనుచున్నారు. పాపము నొప్పుకొనుట వలదని నా మాట కాదు. వాకిటఁ జెప్పులు విడుచుట లోనికిఁ బోవుటకుఁ గదా. చెప్పులను లెక్కించుచు వాకిటనే నిలిచిన కీర్తన శుష్కము. దేవుని కృపను వర్ణించుచు వర్ణించుచుఁ దన్ను మఱచిన కీర్తన సజీవము. భక్తకవు లెల్లరికిని నిదియే కొలఁది.

మావంటి పండితులకు శాలువలు, బిరుదములు, సన్మానపత్రములు గలవు. వానిని దగులఁబెట్టుట వినయము కాదు. అట్లు చేసితిమని చెప్పుకొనుట మఱియొక బిరుదమే. అంతకంటె మహత్తరమైనదానిని జూచునపుడు అవి జ్ఞప్తికి రాకుండుటయే వినయము. ఆ కీర్తనలను మరల విప్పినపుడు నా పాత గుర్తులు పుటల యంచుల నట్లే యున్నవి. వానిని జెఱుపలేదు; ఈమాఱు వానివంకఁ జూడవలసిన పని లేకపోయినది.