విలాపం: ఏడ్పులోని మాట

తెలుగులో దుఃఖధ్వనికి పేర్లు అనేకం. రోదనం, ఆక్రందనం, విలాపం అనే మూడింటికీ ఏడ్పు అని ఒకే అర్థం చెప్పి ముందుకు సాగడం పరిపాటి. కాని ధాతువులను పరిశీలిస్తే భేదం స్పష్టమవుతుంది. రోదనానికి మూలమైన ‘రుద్’ ఏడ్వడాన్ని, ఆక్రందనానికి మూలమైన ‘క్రంద్’ కేకపెట్టడాన్ని తెలుపుతాయి. విలాపానికి మూలం ‘లప్’, అనగా మాటాడుట. సల్లాపం, ప్రలాపం దీని తోబుట్టువులే. కనుక విలాపమంటే మాటలతో కూడిన ఏడ్పు. అందులో పలికేవారూ ఉంటారు, వినవలసినవారూ ఉంటారు. కాళిదాసు కుమారసంభవంలో రతి, రఘువంశంలో అజుడు పోయినవారిని సంబోధిస్తూ చేసినవి ఇటువంటి విలాపాలే.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గారి కంఠం ద్వారా మన ఇళ్ళకు చేరింది. పూజకై పూలు కోయబోయిన భక్తునితో పూలు మొరపెట్టుకుంటాయి. తీగతల్లి ఒడిలో తమ జీవితం ఎలా గడుస్తుందో చెబుతాయి, తమను ఎందుకు త్రుంచుతావని నిలదీస్తాయి. అతడు వట్టి చేతులతో మరలుతాడు. కేవలం రోదనమైతే జాలి మాత్రమే పుట్టేది. విలాపం గనుక చేయి ఆగింది. ఆ పేరు సార్థకం. అయితే మానవులపై నిందలు వరుసకట్టిన చోట కరుణ కొంత పలుచబడిందని మా అభిప్రాయం. పూలు తమ బ్రతుకును తాము చెప్పుకున్న చోటనే ఆ రచనకు బలం.

పల్లెలలో స్త్రీలు మృతుని బంధుత్వపు వరుసతో పిలుస్తూ, గుణాలు తలచుకుంటూ, రాగం తీసి ఏడ్చేవారు. దానిని ‘శోకాలు పెట్టడం’ అంటారు. నేడు ఆ మాటను వెక్కిరింతగా వాడుతున్నారు. అది అన్యాయం, అదీ విలాపమే.

1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి ఒప్పందపు కూలీలను నేటాల్‌కు చేర్చింది. అటువంటి కూలీల సంతతివారం మేము. తరాలు గడిచేసరికి మా ఇళ్ళలో చావువేళ కన్నీరు మిగిలింది, తెలుగు మాట పోయింది. రోదనం ఉంది, విలాపం లేదు. ఇంగ్లండులో సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్న తరువాతనే ఆ లోటుకు మాకు పేరు దొరికింది.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. పిల్లలకు పండుగ పాటలతో పాటు, ‘తాతా’, ‘అమ్మమ్మా’ అని పిలిచి తమ దుఃఖం చెప్పుకోగల నాలుగు వాక్యాలు కూడా నేర్పండి.