రెండు చుక్కల ఆదివారం

రెండు చుక్కల మందూ, నీకు నమస్కారం. నిన్ను భుజాన మోసిన అమ్మకు అంతకంటే పెద్ద నమస్కారం.

రాత్రి జ్వరం కాసేది. తెల్లారి లేపి నిలబెడితే బిడ్డ కాలు నేలకు ఆనేది కాదు. మా తరంలో ప్రతి బడిలోనూ అలాంటి పిల్లవాడొకడు ఉండేవాడు. తొడ మీద చెయ్యి ఆన్చి వంగి నడిచేవాడు. మేం ఆటలకు పరిగెడితే మా చొక్కాలకు కాపలా కూర్చునేవాడు. వాడిలాంటి పిల్లలు దేశమంతా లక్షల్లో.

ఆ పోలియోను తరిమేందుకు 1995లో పల్స్ పోలియో కార్యక్రమం వచ్చింది. ఆదివారం పొద్దున్నే మందు డబ్బా భుజాన తగిలించుకుని బయల్దేరింది అంగన్‌వాడీ టీచరమ్మ, నర్సమ్మ, ఆ తర్వాతి ఏళ్లలో ఆశా అక్క. డబ్బాలో మంచు గడ్డలు, వాటి మధ్య నువ్వు. చల్లదనం తప్పితే నీ ప్రాణం పోతుంది. సీసా మీద ఒక చిన్న గడి ఉంటుంది, వేడి తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయమంత ముదిరిందా, ఆ సీసా పక్కన పెట్టేయాల్సిందే. మే నెల ఎండలో తన తల కాలుతున్నా ఆమె కళ్లు మాత్రం ఆ గడి మీదే.

ఆదివారంతో పని తీరేదా? సోమవారం నుంచి ఇల్లిల్లూ తిరగాలి. చుక్కలు పడిన బిడ్డ చిటికెన వేలికి సిరా గుర్తు. పడని ఇంటి గోడ మీద సుద్దతో ఇంటూ మార్కు. ఈ పనంతటికీ ఆయువుపట్టు ఆ ఇంటూ మార్కేనని నా నమ్మకం. అంటే, తలుపు వేసిన ఇంటికి మళ్లీ వెళ్లడం, తిట్టిన ఇంటికి ఇంకోసారి వెళ్లడం. చుక్కలు వేయిస్తే ముందు ముందు పిల్లలు పుట్టరన్న పుకారు ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ గల్లీల్లో తలుపులు మూయిస్తే, ఆమె మసీదు పెద్దలను వెంటబెట్టుకుని మళ్లీ తట్టింది. బిహార్‌లో కోసీ నది పాయలు దాటి లంక గ్రామాలకు చేరింది. ఇటుక బట్టీలకు, రైలు పెట్టెలకు, వలస కూలీల గుడారాలకు వెళ్లింది. ఒక్కో విడతలో దాదాపు 17 కోట్ల మంది పిల్లలు నోరు తెరిచారు. కులం అడగని, మతం అడగని చుక్కలు.

2009లో దేశంలో పోలియో కేసులు 741. 2010లో 42. 2011లో ఒక్కటి. జనవరి 13న, హౌరా జిల్లాలో ఒక చిన్నారికి. ఆ తర్వాత సహజసిద్ధమైన (వైల్డ్) పోలియో వైరస్ ఈ నేల మీద ఏ బిడ్డ కాలూ పట్టలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటకు ముద్ర వేసింది.

అంత పని చేసిన ఆశా అక్కను కాగితాల్లో ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్త అనే రాస్తున్నారు. జీతం బదులు గౌరవ వేతనం, ప్రోత్సాహకం. ఇది అన్యాయం. ఆమెకు దండలు తర్వాత వేయవచ్చు, ముందు జీతం ఇవ్వాలి.

పాకిస్తాన్‌లో, అఫ్గానిస్తాన్‌లో వైరస్ ఇంకా బతికే ఉంది. అది మళ్లీ ఇటు రాకుండా, మీ ఇంట అయిదేళ్ల లోపు బిడ్డ ఉంటే వచ్చే పోలియో ఆదివారం చుక్కలు వేయించండి. ఆమె మీ గడపకు వస్తే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లివ్వండి.