బాల్ ఎవలికి?

పోయిన ఆదివారం పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌కు నడకకని వెళ్లి ఒక పంచాయితీలో ఇరుక్కున్నాను. మా గోల్నాక పిల్లలకూ తార్నాక పిల్లలకూ బాల్ బెట్ మ్యాచ్. ఎనిమిదేసి ఓవర్లు, టెన్నిస్ బాల్, గెలిచినవాళ్లకు కొత్త బాల్. గోల్నాక ఏడు వికెట్లకు 64. తార్నాక ఐదు వికెట్లకు 64. ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్కోరు రాశారు కాబట్టి తొండి అనడానికి లేదు. లెక్క తేలింది, గెలుపే తేలలేదు. వికెట్లు తక్కువ పోయినోళ్లదే మ్యాచ్ అని తార్నాక వాదన. ఫోర్లు, సిక్సులు ఎవరివి ఎక్కువో చూడమని గోల్నాక వాదన. సూపర్ ఓవర్ వేసుకుందామంటే ఆ పిచ్ మీద ఆడాల్సిన తర్వాతి జట్టువాళ్లు అప్పటికే పక్కకు జరగండంటూ స్టంపులు పట్టుకుని నిలబడ్డారు.

"అంకుల్, మీరే చెప్పున్రి" అన్నాడు మా గల్లీ కుర్రాడు, నేను గోల్నాక మనిషినన్న ధీమాతో.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా జవాబు చెప్పక్కర్లేదు. "టై" అన్నాను. దాంతో రెండు జట్లూ ఒక్కటై నా మీదికి తిరిగాయి. "టై అయితే బాల్ ఎవలికి అంకుల్?"

చివరికి తార్నాక వాళ్లు సగం డబ్బులు గోల్నాక వాళ్ల చేతిలో పెట్టి బాల్ పట్టుకుపోయారు. నా తీర్పు గాలికి పోయింది, పోనీ. నాకు ఒళ్లు మండింది మా గోల్నాక వాళ్ల వాదనకు. బౌండరీల లెక్క ఇంకా బతికే ఉందా అని.

2019 జులై 14, లార్డ్స్, ప్రపంచకప్ ఫైనల్. న్యూజిలాండ్ 241, ఇంగ్లండ్ 241. సూపర్ ఓవర్లో చెరో 15. అప్పుడు ఫోర్లూ సిక్సులూ లెక్కపెట్టారు. ఇంగ్లండ్‌వి 26, న్యూజిలాండ్‌వి 17. కప్పు ఇంగ్లండ్‌కు పోయింది. ఫోర్ కొట్టినవాడికి నాలుగు పరుగులూ అప్పుడే ఇచ్చేశాం కదా, మళ్లీ ఈ బహుమానం ఎందుకు? ఎండలో అదే నాలుగు పరుగులు ఉరికి తెచ్చుకున్నవాడు ఏం పాపం చేశాడు? స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీకి పోయిన ఓవర్‌త్రో గొడవ, దానికి ఆరు కాదు ఐదే ఇవ్వాలన్న మాజీ అంపైర్ సైమన్ టాఫెల్ మాట, అవన్నీ అప్పుడే రాసి రాసి మీ చేత తిట్లు తిన్నాను. మళ్లీ తవ్వను. ఐసీసీ కూడా సిగ్గుపడి ఆ అక్టోబర్‌లోనే బౌండరీల లెక్కను ఎత్తేసింది. మా గల్లీకి మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

అంతకుముందు బౌల్ అవుట్ ఉండేది. 2007 సెప్టెంబర్‌లో డర్బన్‌లో మనకూ పాకిస్తాన్‌కూ చెరో 141. ఎదుట బ్యాటర్ లేకుండా ఖాళీ స్టంపులకు గురిచూసి వేయడం. సెహ్వాగ్, హర్భజన్, ఉతప్ప ముగ్గురూ కొట్టారు, అవతల ముగ్గురూ తప్పారు. మనం గెలిచాం, సంతోషమే. కానీ అది గోలీలాట, క్రికెట్ కాదు.

టై మీద నాకీ పిచ్చి స్కోరు రాసే రోజుల్లో పట్టుకుంది. ఆట రానివాడికి, ఆట వదల్లేనివాడికి దక్కే పని స్కోరు పుస్తకం. గ్రౌండు అంచున చెట్టుకింద ఒక బెంచీ, దాని మీద ఇద్దరు స్కోరర్లు, ఇవతలి జట్టువాడొకడు, అవతలి జట్టువాడొకడు. పరుగు రాని బంతికి చుక్క. ఓవరంతా చుక్కలే అయితే ఆరు చుక్కలనూ గీతలతో కలిపి ఎం. ఆ మెయిడెన్‌లోనే వికెట్ పడితే గీతలు తిరగేసి డబ్ల్యూ. అంపైర్ సైగ చేసి మా వంక చూస్తాడు, మేం చెయ్యెత్తితే గానీ ఆట ముందుకు సాగదు. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చినవాటికి బైలు, లెగ్‌బైలు కలిపినా అదే మొత్తం రావాలి. రెండు దారుల్లో కూడినా ఒకే అంకె తేలినప్పుడు కలిగే తృప్తి, ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఒక ఇంటర్ కాలేజీ మ్యాచ్‌లో ఆఖరి బంతికి అవతలివాళ్లు మూడు పరుగులు ఉరికారు. పక్కవాడి పుస్తకంలో వాళ్లు ఒక్క పరుగుతో గెలిచారు. నా పుస్తకంలో టై. వాడు వాళ్ల కాలేజీవాడే కదా, లేచి చప్పట్లు కొడుతున్నాడు. అంపైర్ చెయ్యి మడిచి వేళ్ల కొసలు భుజానికి తాకించడం చూడలేదు. షార్ట్ రన్ అన్నమాట. రెండో పరుగుకు తిరిగేటప్పుడు ఒకడి బ్యాట్ క్రీజు లోపల ఆనలేదు. మూడు పరిగెత్తినా రెండే లెక్క. అరుపులు, కేకలు, మా బెంచీ చుట్టూ ముప్పై తలకాయలు. అంపైర్ వచ్చి ముక్కు సూటిగా "రెండే" అన్నాడు. వాడు పెన్సిల్‌తో 3 కొట్టేసి 2 వేశాడు. ఇంత తంటాలు పడి సమానమని తేల్చిన దాన్ని ఎవడో వచ్చి మళ్లీ చీలుస్తానంటే ఒప్పుకునేది లేదని అప్పుడే అనుకున్నాను.

కాలం కూడా అలాంటిదే. 1986-87 సీజన్. హైదరాబాద్ వాళ్లకు అంకెల మీద భక్తి కుదరడానికి ఆ ఒక్క ఏడాది చాలు.

1986 సెప్టెంబర్ 22, మద్రాసు చెపాక్. ఆస్ట్రేలియా మీద మనం 348 కొట్టాలి. మన శివలాల్ యాదవ్ మాథ్యూస్‌ను సిక్స్ బాది ఆశ పెట్టి, అంతలోనే రే బ్రైట్‌కు బౌల్డ్ అయిపోయాడు. ఆఖరి ఓవర్లో నాలుగు కావాలి. శాస్త్రి రెండు తీశాడు, ఆపైన ఒకటి తీసి స్కోరు సమం చేసి మణీందర్‌కు స్ట్రైక్ ఇచ్చాడు. ఐదో బంతికి ఎల్బీ, విక్రమ్‌రాజు వేలు లేచింది. 347 ఆలౌట్, టెస్ట్ చరిత్రలో రెండో టై. తిరకాసు ఇక్కడుంది. ఆ వేలు లేవకుండా, మిగిలిన ఒక్క బంతీ ఊరికే పోయి ఉంటే స్కోరు అదే 347, కానీ దాన్ని టై అనరు, డ్రా అంటారు. టెస్టులో టై కావాలంటే ఆఖర్న ఆడేవాళ్ల ఇన్నింగ్స్ ముగిసిపోవాలి.

నమ్మరా? 2011 నవంబర్ 26, వాంఖడే. వెస్టిండీస్ మీద లక్ష్యం 243. ఆఖరి బంతికి రెండు కావాలి. అశ్విన్ ఒకటి పూర్తి చేసి, రెండోదానికి ఉరికి రనౌట్. 242కి తొమ్మిది. స్కోర్లు సమం. అయినా డ్రా, ఎందుకంటే మన హైదరాబాద్ ప్రజ్ఞాన్ ఓజా ఇంకా బ్యాటింగ్‌కు దిగలేదు.

అలాంటి రెండో పరుగే 1987 మార్చి 20, శుక్రవారం, మన లాల్ బహదూర్ స్టేడియంలో. మూడు రోజుల ముందు బెంగళూరు టెస్టులో గావస్కర్ 96 కొట్టి కూడా మనం పాకిస్తాన్ చేతిలో 16 పరుగులతో ఓడిపోయాం. ఆ మంట ఇంకా చల్లారలేదు. హాస్టల్ కామన్ రూమ్‌లో టీవీ ముందు కాలు పెట్టే చోటు లేదు. 44 ఓవర్ల ఆట, మనం ఆరు వికెట్లకు 212. పాకిస్తాన్‌కు ఆఖరి బంతికి రెండు కావాలి. అబ్దుల్ ఖాదిర్ ఒకటి తీశాడు, రెండోదానికి ఉరికాడు, రనౌట్. ఏడు వికెట్లకు 212. వికెట్లు తక్కువ పోగొట్టుకున్నామని మనదే గెలుపన్నారు. ఖాదిర్ ఒకదానితో ఆగిపోయి ఉంటే చెరో ఆరు వికెట్లయ్యేవి, ఇంకేదో లెక్క వెతకాల్సి వచ్చేది. కామన్ రూమ్‌లో కుర్చీలు లేచాయి. టై అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ సీజన్ ఆఖర్న ఢిల్లీలో రంజీ ఫైనల్. ఎం.వి. నరసింహారావు కెప్టెన్, విజయ్ మోహన్‌రాజ్ 211 నాటౌట్, కప్పు హైదరాబాద్‌ది. నేను ఇక్కడిదాకా చెప్పుకొచ్చేసరికి మా లెక్కల మాస్టారు (పాత పాఠకులకు పరిచయమే, తార్నాకలో ఉంటాడు, నా టై సిద్ధాంతానికి ఆజన్మ శత్రువు) చాయ్ కప్పు కింద పెట్టి అడిగాడు:

"ఆ మ్యాచ్ ఫలితం ఏందయ్యా?"

డ్రా. మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కప్పు.

"మరి సమానమంటే సమానమే అంటివి గద. నీ లెక్కన హైదరాబాద్‌కు రంజీ కప్పులెన్ని?"

ఒకటే. 1937-38లో బొంబాయిలో నవానగర్ మీద, ఐబారా 137 నాటౌట్‌గా నిలబడి ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కించిన ఫైనల్. ఉన్న రెండు కప్పుల్లో ఒకటి తిరిగి ఇచ్చేయమంటే ఇస్తానా? చస్తే ఇవ్వను. ఐదు రోజులు ఆడి ఎవరూ గెలవకపోతే మొదటి ఇన్నింగ్స్‌లో ఎవరిది పైచెయ్యో చూడటం సబబేనని గోల్నాక నుంచి గోల్కొండ దాకా ఎవరితోనైనా వాదిస్తాను.

అయితే సమానం ఎక్కడుంది? స్కోరు పుస్తకం పట్టినవాడు ఆలోచించాల్సిన మాట అది. దారినపోయేవాడు గ్రౌండు గోడ మీదుగా తల పెట్టి "స్కోరెంత?" అంటే మనం ఎప్పుడైనా ఒక్క అంకె చెబుతామా? "అరవై నాలుగుకి ఐదు" అంటాం. ఎన్ని వికెట్లు పోయాయో చెప్పకపోతే అడిగినవాడు కదలడు. బౌండరీలు ఎన్ని అని మాత్రం ఎవడూ అడగడు. పరుగులూ వికెట్లూ రెండూ కలిస్తేనే స్కోరు. ఆ లెక్కన 64కి ఐదు, 64కి ఏడు ఎన్నడూ సమానం కావు. టెస్ట్ నిబంధన ఈ సంగతే కదా చెబుతోంది, 242కి తొమ్మిదిని టై అనడానికి ఒప్పుకోకుండా? సిసలైన టై కావాలంటే 1991 డిసెంబర్‌లో పెర్త్ చూడండి. మనం 126 ఆలౌట్, వెస్టిండీస్ 126 ఆలౌట్. టెండూల్కర్ బంతికి స్లిప్‌లో మన అజర్ పట్టిన క్యాచ్‌తో రెండు అంకెలూ సరిపోయాయి. దాన్ని ఎవరూ చీల్చలేదు, చీల్చడానికేమీ లేదు.

కాబట్టి ఆదివారం ఆ బాల్ న్యాయంగా తార్నాక వాళ్లదే. సగం డబ్బులు ఇచ్చే పని కూడా లేదు. ఇది రాశాక గల్లీలో నాకు నీళ్లు పుడతాయో లేదో చూడాలి. లార్డ్స్ సంగతి కూడా ఇలాగే తేల్చుకోండి, న్యూజిలాండ్ ఎనిమిది వికెట్లకు 241, ఇంగ్లండ్ ఆలౌట్.

మాస్టారు ఇప్పుడు ప్లేటు ఫిరాయించాడు. ఎనిమిది ఓవర్ల ఆటలో మొదట ఆడేవాళ్లు ఆఖర్న వికెట్లు పారేసుకునే ఆడతారు, వెనక ఆడేవాళ్లకు ఎంత కావాలో ముందే తెలుసు, ఇదేం న్యాయం అంటాడు. సూపర్ ఓవరే మేలంటాడు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ వెనక ఆడేవాళ్లు కూడా ఖాదిర్‌లా వికెట్‌ను పణం పెట్టే ఉరుకుతారు కదా. పైగా సూపర్ ఓవర్ వైభవం కూడా చూశాం. 2024 జనవరి 17న బెంగళూరులో అఫ్గానిస్తాన్‌తో మనకు ఒక సూపర్ ఓవర్ చాలలేదు, అదీ 16-16తో సమమైంది. రెండోది వేయించారు. మొదటి దాంట్లో మధ్యలో బయటికి వెళ్లిన రోహిత్ రిటైర్డ్ అవుటా, రిటైర్డ్ హర్టా, రెండోదాంట్లో మళ్లీ ఎలా దిగాడు అని పెద్ద రచ్చ. అసలు మ్యాచ్‌లో స్కోరు అఫ్గానిస్తాన్ ఆరు వికెట్లకు 212, మనం నాలుగు వికెట్లకు 212. లాల్ బహదూర్ స్టేడియం లెక్క ఉండి ఉంటే అంతా ఇంకాస్త ముందే ఇళ్లకు చేరి పడుకునేవాళ్లు.