ఒకే 150, నాలుగు పనితనాలు

బండి కొనబోయే మనిషిని మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "లీటరుకు ఎంత ఇస్తుంది?" అమెరికాలో సెలవురోజుల్లో సరదాగా చేపల వేటకు వెళ్లేవాళ్లూ పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు కొనేముందు ఇదే అడుగుతారు. జవాబు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. చక్రం ఒకసారి దొర్లితే రోడ్డు మీద బండి కాస్త దూరమైనా తనంతట తాను పోతుంది. నీళ్లు అలా పోనివ్వవు. త్రాటిల్ తగ్గించిన మరుక్షణం పడవను పట్టి ఆపేస్తాయి. ఈ నీటితో తక్కువ పెట్రోలు మీద పోరాడటమే ఔట్‌బోర్డ్ మోటారు పని. ఆ పనిని నలుగురు తయారీదారులు నాలుగు రకాలుగా ఎంత అందంగా చేశారో చెప్పాలనే ఈ వ్యాసం.

హోండా బీఎఫ్150, యమహా ఎఫ్150, సుజుకీ డీఎఫ్150, మెర్క్యురీ 150 ఫోర్‌స్ట్రోక్. నాలుగింటి మూతల మీదా ఉన్న అంకె ఒకటే. మూత ఎత్తి చూస్తే ఒకదానికి ఇంకొకటి పోలిక ఉండదు.

ముందు ఈ అంకె సంగతి చూద్దాం. 150 హార్స్‌పవర్ అంటే ప్రొపెల్లర్ ఇరుసు దగ్గర కొలిచిన శక్తి. పరిశ్రమ పాటించే కొలత పద్ధతిలో పది శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 150 అని రాసిన మోటారు నిజంగా 135 ఇచ్చినా, 165 ఇచ్చినా ఆ రాత తప్పు కాదు. అంకె చూసి ఇది గొప్ప, అది తక్కువ అని తేల్చలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఈ నాలుగూ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లు. ఔట్‌బోర్డ్‌లు మొదటినుంచీ ఇలా లేవు. ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవరే. ఆ తర్వాత దశాబ్దాలపాటు పడవల మీద రాజ్యమేలింది టూస్ట్రోక్. తేలిక, చవక, చురుకు. కానీ కార్బురేటర్ టూస్ట్రోక్‌లో కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారీ, పొగ బయటికి పోయే దారీ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. ఆ సందులోంచి పెట్రోలులో పావు వంతు దాకా మండకుండానే నీళ్లలో కలిసేది. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో ఈ కాలుష్యం మీద నిబంధనలు తెచ్చి, 1998 నుంచి ఏటేటా వాటిని బిగించింది. హోండా మాత్రం 1964లోనే ఫోర్‌స్ట్రోక్‌తో పడవల రంగంలోకి దిగి, ఆ దారి విడిచిపెట్టలేదు.

ఇప్పుడు మూత ఎత్తుదాం. హోండాది నాలుగింటిలోకీ చిన్న గుండె, 2354 సీసీ. అకార్డ్ కారు ఇంజను కుటుంబానికే చెందినది. ఇంత చిన్న ఇంజను నుంచి 150 రాబట్టాలంటే తెలివి కావాలి. ఆ తెలివి కామ్‌షాఫ్ట్ దగ్గర కనిపిస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇన్‌టేక్ వాల్వులు కొద్దిగా, కొద్దిసేపే తెరుచుకుంటాయి. వేగం పెరిగాక ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును జరుపుతుంది. ఆ పిన్ను రాకర్లను ఒకదానికొకటి బిగించేసరికి, అవే వాల్వులు పెద్ద కామ్ మీద ఎక్కువ ఎత్తున తెరుచుకోవడం మొదలవుతుంది. వేలెడంత కూడా లేని ఉక్కు ముక్క ఒక ఇంజనుకు రెండు స్వభావాలిస్తోంది. పొదుపు ఉపాయం ఇంకోచోట ఉంది. పెట్రోలు సరిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల బరువు గాలి కావాలి. పడవ నిలకడగా సాగుతున్నప్పుడు ఈ ఇంజను పొగలోని ఆక్సిజన్‌ను కొలుచుకుంటూ, గాలిని 18 రెట్ల దాకా పెంచి పెట్రోలును పలచన చేస్తుంది. డ్రైవరుకు తేడా తెలియదు, ట్యాంకుకు తెలుస్తుంది.

మెర్క్యురీది సరిగ్గా ఎదురు దారి. మూడు లీటర్ల పెద్ద ఇంజను. అయినా సిలిండరుకు రెండే వాల్వులు, పైన ఒకటే కామ్‌షాఫ్ట్. లీటరుకు 50 హార్స్‌పవర్ అడిగితే చాలు గనక దాన్ని శ్రమపెట్టాల్సిన పనిలేదు. హోండా లీటరుకు 64 దాకా ఇవ్వాలి. విచిత్రమేమిటంటే, ఈ పెద్ద ఇంజనే అందరికంటే తేలిక, సుమారు 206 కిలోలు. భాగాలు తగ్గించడం కూడా చేతకావలసిన విద్యే. యమహా మధ్యేమార్గం ఎంచుకుంది. మొదట 2670 సీసీ, తర్వాత 2785. సిలిండరుకు నాలుగు వాల్వులు, వణుకు చంపడానికి బ్యాలెన్స్ షాఫ్టులు. ఆశ్చర్యపరిచే విశేషం ఒక్కటీ లేకుండా అన్నీ కుదురుగా అమరడమే దాని గొప్ప.

నాకు అన్నింటికన్నా ముచ్చటేసే పనితనం సుజుకీ గేర్లలో ఉంది. మామూలు ఔట్‌బోర్డ్‌లో క్రాంక్‌షాఫ్ట్ నిలువుగా నిలబడితే, డ్రైవ్‌షాఫ్ట్ దాని కిందనుంచే తిన్నగా నీళ్లలోకి దిగుతుంది. వేగం తగ్గించే గేర్లు కింద, నీళ్లలో మునిగే పెట్టెలోనే ఉంటాయి. ఎక్కువ తగ్గించాలంటే పెద్ద గేరు, దానికి లావుపాటి పెట్టె కావాలి. ఆ లావు నీటికి అడ్డం. సుజుకీ ఇంజనీర్లు డ్రైవ్‌షాఫ్ట్‌ను పక్కకు జరిపి, కొంత తగ్గింపు పైనే చేసి, మిగతాది కింద చేశారు. దీనితో ఇంజను బరువు పడవ వైపు జరిగింది, కింద పెట్టె సన్నంగా మిగిలింది.

ఫలితం లెక్కలో చూడండి. ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరిగేటప్పుడు మెర్క్యురీ ప్రొపెల్లర్ సుమారు 2865 చుట్లు తిరుగుతుంది, యమహాది 2750, హోండాది 2570. సుజుకీది 2200 మాత్రమే, ఎందుకంటే దాని గేర్ రేషియో 2.5. నెమ్మదిగా తిరిగే ప్రొపెల్లర్‌కు రెక్క పెద్దదిగా, పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం) ఎక్కువగా పెట్టవచ్చు. బరువు పడవను నీటి మీదికి లేపేది ఈ పెద్ద రెక్కే.

మైలేజీ తేలేది కూడా ఆ లేవడం దగ్గరే. కదలగానే పడవ ముక్కు పైకెత్తి, తోక ముంచి, తాను లేపిన అలను తానే ఎక్కాలని చూస్తుంది. బురదలో దిగిన ఎడ్లబండిని గట్టుకు లాగినట్టే ఉంటుంది. ఆ స్థితిలో పెట్రోలు ఏరులా పారుతుంది, దూరం మాత్రం రాదు. గట్టెక్కి నీటి మీద జారడం మొదలయ్యాక త్రాటిల్ తగ్గించవచ్చు. చాలా పడవలకు 3000 నుంచి 4000 చుట్ల మధ్య ఎక్కడో లీటరుకు అత్యధిక దూరం వస్తుంది. ఫుల్ త్రాటిల్‌లో ఈ నాలుగింటి మధ్యా పెద్ద తేడా ఉండదు. ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌను పెట్రోలు అనుకుంటే, 150కి గంటకు 46 లీటర్లు. అక్కడ ఎవరి తెలివీ పెద్దగా పనిచేయదు. పనితనం తెలిసేది నిలకడగా సాగే వేగంలో, గాలం వదిలి గంటలకొద్దీ మెల్లగా తిరిగే వేగంలో. చేపల వేటలో ఎక్కువ సమయం గడిచేది ఈ రెండింటిలోనే.

ఎంత మంచి ఇంజనైనా తప్పు ప్రొపెల్లర్ తగిలిస్తే వృథా. పిచ్ ఒక అంగుళం మారితే ఇంజను వేగం 150 నుంచి 200 చుట్ల దాకా మారుతుంది. పిచ్ ఎక్కువైతే, ఘాట్ రోడ్డులో బండిని టాప్ గేరులో ఎక్కించినట్టు ఇంజను మూలుగుతుంది. మనుషులు, ఐసు పెట్టె, నిండు ట్యాంకు అన్నీ ఎక్కించుకున్నాక ఫుల్ త్రాటిల్‌లో కంపెనీ చెప్పిన చుట్లు అందితేనే ఆ ప్రొపెల్లర్ సరైనది.

నా తీర్పు ఇది. బరువైన పడవలో ఎక్కువమందితో వెళ్లేవారికి సుజుకీ గేరు. గంటలకొద్దీ నిలకడగా ప్రయాణించేవారికి హోండా పలచని మిశ్రమం. తేలికైన పడవకు, సులువైన రిపేరుకు మెర్క్యురీ. పెద్దగా ఆలోచించకుండా నమ్మదలిస్తే యమహా. టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో పడవ కొనే తెలుగువారికైనా, కాకినాడ తీరంలో ఫైబర్ పడవకు చిన్న మోటారు బిగించుకునే మత్స్యకారుడికైనా సూత్రం ఒకటే. కొనేముందు మీ బరువుతో, మీ పడవ లాంటి పడవ మీద నడిపించమనండి. ఎదురుగాలికి ఒకసారి, వాలుగాలికి ఒకసారి పోనిచ్చి సగటు తీయండి. గంటకు ఎన్ని లీటర్లు అని కాదు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడగండి. మూత మీది అంకెను ఆ తర్వాత చూడండి.