గట్టిమేళం వెనుక

పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అంటాడు. మరుక్షణం పందిరి దద్దరిల్లిపోతుంది. అక్షతలు వేసే హడావుడిలో ఆ చప్పుడు వెనుక ఎంత పనితనం ఉందో మనం గమనించం.

సన్నాయి విద్వాంసుడు పీకను నోట తడిపి, ఊపిరితో రాగానికి ప్రాణం పోస్తాడు. గమకం పలకాలంటే వేళ్లొక్కటే చాలవు. పెదవుల బిగువు, గాలి ఒత్తిడి కుదరాలి. పక్కనే డోలు: ఒక మూతపై తొడుగులు వేసుకున్న వేళ్లు, రెండో మూతపై పుల్ల. సన్నాయి ఊపిరి తీసుకునే ఖాళీని నింపేది డోలే. తాళం వేసేవాడు లెక్క తప్పనివ్వడు. ఒకప్పుడు ఒత్తు ఊదేవాడు కచేరీ సాగినంతసేపూ ఆధార శ్రుతిని నిలబెట్టేవాడు. ఇప్పుడా పని శ్రుతిపెట్టెది.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా ఈ సన్నాయి వాద్యంతోనే 1977లో పద్మశ్రీ అందుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి తమిళుల చేతా శభాష్ అనిపించుకున్నారు. మంగళవాద్యానికి మతం అడ్డు రాలేదు.

ఈసారి పెళ్లికి వెళ్తే, భోజనాల బంతికి పరుగెత్తే ముందు ఒక్క కీర్తన నిలబడి వినండి. వినేవాడు దొరికాడని సన్నాయి ఇంకో సంగతి వేస్తుంది. డోలు ఊరుకుంటుందా?