ఒడుగుల తర్వాత పది రోజులు

1948 నాటి ‘సియాహ్ హాషియే’లో మంటో రాసిన ‘మిస్టేక్’ కొన్ని వాక్యాల కథ. కత్తి కడుపు చీల్చి పైజామా నాడా తెంపాక గానీ, తాను చంపింది తనవాణ్ణేనని హంతకుడికి తెలిసిరాదు. సున్తీ ఆనవాలు మీద ప్రాణాలు నిలిచిన, పోయిన కాలమది. ఆ గుర్తు సాహిత్యానికెక్కింది. ఆ గాయాన్ని కనిపెట్టుకుని కూర్చున్న చేతుల సంగతేమిటి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల మధ్య తట్టలేదు. మొన్న వేసవిలో కదిరిలో, పురిటికొచ్చిన నా కూతురి మంచం పక్కన తట్టింది.

మా అన్నకు ఏడో ఏట ఇంట్లోనే హజాం ఒడుగులు చేశాడు. పూలదండ, కొత్తబట్టలు, విందు అందరికీ గుర్తే. లుంగీ తగలకుండా రాత్రుళ్లు ఎత్తిపట్టుకున్న అమ్మ ఎవరికీ గుర్తులేదు. నా మనవడికి పుట్టిన వారానికే ఆస్పత్రిలో ప్లాస్టిక్ రింగు వేశారు. జాగ్రత్తలన్నీ డాక్టరు వరండాలో మగవాళ్లకు చెప్పాడు. వాళ్లు లోపలికొచ్చి ‘భయం లేదంట’ అని ఒక్కమాటలో తేల్చేసి, విందు పనుల్లో పడ్డారు.

మూడోరోజు గాయం మీద పసుపుపచ్చని పొర కనబడింది. చీము పట్టిందని పిల్ల రాత్రంతా ఏడ్చింది. తెల్లారి నర్సమ్మ చెప్పింది: అది మానుతున్న గుర్తు, గీకి తుడవొద్దు. రింగు వారం పదిరోజుల్లో దానంతటదే రాలుతుంది, లాగొద్దు. రక్తం ఆగకపోయినా, ఎర్రటి వాపు పాకినా, జ్వరమొచ్చినా, ఉచ్చ పోయకపోయినా వెంటనే తీసుకురండి. ఈ నాలుగు మాటలూ ముందే తల్లికి చెప్పివుంటే?

కుట్ల నొప్పితో కూర్చోలేకే నా కూతురు వాడికి పాలిచ్చింది, ఒత్తుకోకుండా నూలుగుడ్డలు మార్చింది. ఇంట్లో రెండు గాయాలు. ఒకదానికి విందు. రెండోదాన్ని పలకరించినవాళ్లు లేరు.

కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ ప్రసవాన్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చింది. 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ ముస్లిం బతుకుల్ని సాహిత్యం నడిమధ్యకు తెచ్చాయి. 2005లో షాజహానా ‘నఖాబ్’ వచ్చింది. ఈ దారులు కలిసేచోట, పచ్చి బాలింతగా, నా కూతురుంది. ఆమె పది రాత్రుల చాకిరీ కూడా సాహిత్య వస్తువేనని నా వాదన.

ఒక రాత్రి అడిగింది: ‘అమ్మీ, వీడి తరపున ఒప్పుకున్నదెవరు? నన్నయినా అడిగారా?’ బిడ్డను డాక్టరు చేతికిచ్చింది నేనే. జవాబు చెప్పలేకపోయాను.

ఆ గుర్తు చూసి మనుషుల్ని చంపిన నేలమీద, మా ఆచారం మీద బయటినుంచి తీర్పులిచ్చేవాళ్లంటే నాకు భయం. ఆ భయాన్ని అడ్డం పెట్టి మా పిల్ల నోరు మూయించడం కూడా అన్యాయమే. మన సందేహాల్ని మనమే, మన మాటల్లో రాసుకోవాలి.

తొమ్మిదోరోజు రింగు రాలింది. బిడ్డ హాయిగా నిద్రపోయాడు. నా కూతురు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.