దూరం ఎవరు పెట్టారు?

ముస్లింలకు చదువు పట్టదంటారు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరే దారి మాకప్పుడు దొరికింది. అయినా దేశంలో ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్లు 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. బీడీల చాట ముందు కూచున్న పిల్లకి పుస్తకం ఇంటికొస్తే చాలదు, చదివే తీరికా కావాలి.

1998లో ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యతోనే మొదలైంది. సంతోషమే. కానీ ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లకి ఆ పాఠం పరభాషే. ముస్లిం అంటే ఉర్దూ అనే లెక్కలో ఆమె ఎక్కడ? తెలుగులో చదివి తెచ్చుకున్న ఆమె పట్టాని దూరవిద్య డిగ్రీ అని చులకన చేసేవాళ్లని అడుగుతున్నాం: కాలేజీకీ మా గల్లీకీ మధ్య ఈ దూరం మేం పెట్టిందా?